దెబ్బ అరికాలిలో పుడుతుంది

గోల్ఫ్ బంతి, క్లబ్బు ఒకదాన్నొకటి అంటుకుని ఉండేది దాదాపు సెకనులో రెండువేలో వంతు. అంతే. దానికోసం ఆటగాడు క్లబ్బును వెనక్కి ఎత్తడానికి సుమారు ముప్పావు సెకను, కిందికి దించడానికి పావు సెకను తీసుకుంటాడు. రెండూ కలిపితే ఒక్క సెకను. ఆ ఒక్క సెకనులో అతని రెండు పాదాల కింద ఎంత పెద్ద వ్యవహారం నడుస్తుందో ఈమధ్యే మొదటిసారి కళ్లారా చూశాను. చూసినప్పటి నుంచి కనిపించినవాళ్లకల్లా ఇదే చెబుతున్నాను. గోల్ఫ్ ఆడేవాళ్లకీ చెబుతున్నాను, ఆ కర్రను ఎన్నడూ ముట్టనివాళ్లకీ చెబుతున్నాను. ఇందులో గోల్ఫ్ ఎంత ఉందో మనిషి ఒళ్లు పనిచేసే తీరు కూడా అంతే ఉంది.

హైదరాబాద్‌లో ఒక డ్రైవింగ్ రేంజ్‌లో చూశాను. పచ్చటి కృత్రిమ గడ్డి మీద నల్లటి పల్చని చాప ఒకటి పరిచారు. దాని లోపలంతా సెన్సర్లు. దాని మీద నిలబడితే పక్కనున్న తెర మీద రెండు పాదముద్రలు కనిపిస్తాయి. ఒత్తిడి తక్కువున్న చోట నీలం, పెరిగేకొద్దీ పసుపు, ఇంకా పెరిగితే ఎరుపు. రెండు పాదాల ఒత్తిడినీ కలిపి చూస్తే దాని నడిబిందువు ఎక్కడుందో చెప్పే చిన్న చుక్క ఒకటి, ఆ చుక్క ఎటు నడిస్తే అటు గీసుకుంటూ పోయే సన్నటి గీత. కాలేజీ వయసు కుర్రాడొకడు చాప ఎక్కి బంతి ముందు నిలబడ్డాడు. అందరిలాగే నేనూ బంతి ఎగిరిపోయే వైపు తల తిప్పబోతుంటే వాళ్ల కోచ్ ఆపాడు. "బంతి సంగతి వదిలెయ్యండి సార్, తెర చూడండి" అన్నాడు.

ఆ మాట అన్నందుకు ఆ కోచ్‌కు రుణపడి ఉంటాను.

కుడిచేతి వాటం ఆటగాడి లెక్కలోనే చెబుతాను. అతను కొట్టాల్సిన దిక్కు అతనికి ఎడమవైపు ఉంటుంది. నిలబడినప్పుడు రెండు ముద్రలూ ఇంచుమించు ఒకే రంగులో ఉన్నాయి. క్లబ్బు ఇంకా కదల్లేదు. ఎడమ పాదం కింద రంగు ఒక్కసారి చిక్కబడింది. తర్వాతే క్లబ్బు వెనక్కి బయలుదేరింది. చుక్క గబగబా కుడి పాదంలోకి పరిగెత్తి మడమ వైపు జరిగింది. ఎడమ చెయ్యి నేలకు సమాంతరంగా వచ్చేసరికి కుడి పాదం ఎర్రగా మండుతోంది. ఇంతవరకు ఊహకు అందే విషయమే. క్లబ్బు కుడికి పోతోంది కాబట్టి ఒత్తిడీ కుడికి పోయింది.

ఆ తర్వాత జరిగింది చూసి నోట మాట రాలేదు. చేతులు ఇంకా పైకి వెళ్తున్నాయి. క్లబ్బు ఇంకా వెనక్కే తిరుగుతోంది. భుజాలు కూడా ఇంకా కుడికే మళ్లుతున్నాయి. కానీ చుక్క అప్పటికే వెనుదిరిగింది! కుడి పాదంలో ఎరుపు పల్చబడుతూ, ఎడమ పాదం మునివేళ్ల దగ్గర రంగు ఎక్కుతోంది. పై ఒళ్లు ఇంకా వెనక్కి పోతుండగానే పాదాలు ముందుకు ప్రయాణం మొదలుపెట్టేశాయి. మళ్లీ వెయ్యమన్నాను. నెమ్మదిగా, ఒక్కొక్క ఫ్రేమూ వెయ్యమన్నాను. ఎన్నిసార్లు చూసినా అదే. మనిషి ఒకే క్షణంలో రెండు దిక్కులకు వెళ్తున్నాడు. బంతి దగ్గరికి తిరిగి రావాలన్న నిర్ణయం చేతులకు అందకముందే అరికాళ్లు దాన్ని అమలు చేస్తున్నాయి.

ఈ మలుపును గోల్ఫ్ వాళ్లు ట్రాన్సిషన్ అంటారు. మంచి ఆటగాళ్లలో సాధారణంగా ఒంటి వరస కింది నుంచి పైకే ఉంటుంది. మొదట పాదాలు, తర్వాత నడుము, తర్వాత ఛాతీ, ఆ తర్వాత చేతులు, చివరికి క్లబ్బు. నడుము ఎడమకు తిరగడం మొదలైనా భుజాలు ఇంకా కుడికే ఉండటంతో మధ్యలో పొట్ట కండరాలు, వీపు కండరాలు సాగి బిగుసుకుంటాయి. ఆ బిగువు వదులైనప్పుడు పుట్టే వేగం ఛాతీకి, అక్కణ్ణుంచి చేతులకు అందుతుంది. ఇందులో ఒక్కొక్క భాగమూ తన వంతు వేగం అందుకుని, కాస్త నిదానించి, తర్వాతి భాగానికి అప్పజెప్పేస్తుంది. పేరున్న ఆటగాడు డ్రైవర్ అనే పొడవాటి క్లబ్బుతో కొట్టినప్పుడు క్లబ్బు తల గంటకు 180 కిలోమీటర్ల వేగం దాటడం వెనక ఉన్నది ఈ అప్పగింతలే. చేతుల బలం ఒక్కటే చాలేదయితే పహిల్వాన్లందరూ గోల్ఫ్ ఛాంపియన్లు అయ్యేవాళ్లు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నాకు దీన్ని విప్పుకోవడంలో కలిగినంత ఆనందం మరెక్కడా కలగలేదు. బరువు వేరు, ఒత్తిడి వేరు. బరువును ఎడమ కాలి మీదికి వేయండి అని తరతరాలుగా గోల్ఫ్ గురువులు చెబుతూ వచ్చారు. తెర మీద చూస్తే ఒత్తిడి చుక్క ఒక పాదం నుంచి మరో పాదానికి దూకినంత పని చేస్తుంది. కానీ మనిషిని చూస్తే అతని ఒళ్లు, అంటే ఒంటి బరువుకు నడిబిందువైన గరిమనాభి, జరిగేది చాలా కొంచెం. ఒత్తిడి అన్నది బరువు ఎక్కడుందో మాత్రమే చెప్పదు, కాళ్లు నేలను ఎక్కడ, ఎంత తోస్తున్నాయో కూడా చెబుతుంది.

నమ్మకం కలగకపోతే ఇంట్లోనే చేసి చూడండి. ముల్లు తిరిగే పాతకాలపు బరువు మిషన్లు రెండు ఉంటే, ఒక్కో పాదం ఒక్కోదాని మీద పెట్టి కదలకుండా నిలబడండి. ఇప్పుడు ఒంటిని చటుక్కున ఎడమవైపు జరపండి. ఎడమ ముల్లు ముందు పెరుగుతుందనుకుంటాం. కానీ మొదటి క్షణంలో పెరిగేది కుడి ముల్లు. ఎడమకు వెళ్లాలంటే ముందు కుడి పాదం నేలను తొయ్యాలి మరి! కుర్రాడి ఎడమ పాదం క్లబ్బు కదలకముందే ఎందుకు రంగు మారిందో అప్పుడు అర్థమైంది. కుడికి వెళ్లడానికి ఎడమ పాదం చేసిన తోపు అది.

ఒక్క మిషనే ఉంటే దాని మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడి, గభాలున మోకాళ్లు వంచి కిందికి దిగి ఆగండి. దిగేటప్పుడు ముల్లు మీ బరువు కంటే కిందికి పడిపోతుంది. ఆగేటప్పుడు మీ బరువును దాటి పైకి ఎగబాకుతుంది. ఒంట్లో ఒక్క గ్రాము తగ్గలేదు, పెరగలేదు. అయినా 70 కిలోల మనిషి ఒక క్షణం 50 అయ్యి, మరుక్షణం 90 కాగలడు. దూరం కొట్టే గోల్ఫర్లు సరిగ్గా ఈ పనే చేస్తారు. క్లబ్బును కిందికి దించే డౌన్‌స్వింగ్ మొదట్లో కాస్త కిందికి కూర్చున్నట్టు దిగి, ఆ వెంటనే ఎడమ కాలిని నిటారుగా చాచి నేలను తొక్కుతారు. అప్పుడు పాదాల కింద ఒంటి బరువుకు ఒకటిన్నర రెట్లు మించిన బలం పుట్టడం వాళ్లకు మామూలే.

చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుందని న్యూటన్ 1687లో అచ్చువేసిన సూత్రం మనందరికీ బడిలో వచ్చిందే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. అది మన చెప్పుల కింద అడుగడుగునా పనిచేస్తోందన్న సంగతి మాత్రం నాకు ఆ తెర ముందు నిలబడ్డాకే ఒంటికి పట్టింది. మనం నేలను ఎంత తోస్తే నేల మనల్ని అంత తోస్తుంది. ఆ తిరుగు తోపును ఆటగాడు మూడు రకాలుగా వాడుకుంటాడు.

ఒకటి పక్కకు. కుడి పాదం లోపలి అంచుతో నేలను కుడికి నెడితే ఒళ్లు ఎడమకు జరుగుతుంది. ఇది అన్నిటికంటే ముందు మొదలవుతుంది.

రెండోది తిప్పుడు. దీనికి రెండు పాదాలూ ఒకదానికొకటి ఎదురుగా పనిచెయ్యాలి. డౌన్‌స్వింగ్‌లో ఎడమ పాదం నేలను బంతి వైపు నెడుతుంది, కుడి పాదం అదే సమయంలో వెనక్కి నెడుతుంది. తిరుగు తోపులో ఎడమ తుంటి వెనక్కి, కుడి తుంటి ముందుకు వస్తాయి. నడుము గిర్రున తిరుగుతుంది. బయటి నుంచి చూస్తే నడుము తనంతట తానే తిరిగినట్టుంటుంది. నునుపైన గచ్చు మీద సాక్సులతో నిలబడి అదే పని చేసి చూస్తే తెలుస్తుంది, పాదాలు జారతాయి, నడుము మొరాయిస్తుంది. నేల పట్టు ఇస్తేనే నడుముకు తిప్పుడు. గోల్ఫ్ బూట్ల కింద ఆ పొడుచుకొచ్చిన ముళ్లు అలంకారానికి పెట్టినవి కావు.

మూడోది పైకి. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆశ్చర్యపరిచింది ఇదే. క్లబ్బు కిందికి వస్తుంటే, బంతి కింద ఉంటే, ఆటగాడు పైకి తోసుకోవడమేమిటి? ఎడమ పాదం కింద నుంచి పైకి వచ్చే బలం ఒంటి నడిమధ్యగా పోదు, ఎడమ పక్కగా పోతుంది. ఒక వస్తువును పక్క నుంచి పైకి నెడితే అది లేవడంతో పాటు తిరుగుతుంది కూడా. అలాగే ఎడమ భుజం పైకి లేస్తుంది, కుడి భుజం కిందికి దిగుతుంది, క్లబ్బు తల ఆ తిప్పుడులో బంతి మీదికి దూసుకొస్తుంది. ఈ తోపు బంతిని కొట్టే క్షణంలో గరిష్ఠంగా ఉండదు. అంతకు చాలా ముందే, ఎడమ చెయ్యి కిందికి వస్తూ నేలకు సమాంతరమయ్యే వేళకు అటూ ఇటూగా గరిష్ఠానికి చేరి, బంతి దగ్గరికి వచ్చేసరికి తగ్గుముఖం పడుతుంది. అంటే బంతిని తాకే వేళకు పాదాల పని చాలావరకు పూర్తయిపోతుంది. మనం చూసి చప్పట్లు కొట్టేది దాని ఫలితానికి. టెక్సాస్ ఉమన్స్ యూనివర్సిటీలో బయోమెకానిక్స్ ఆచార్యుడు యంగ్-హూ క్వాన్ లాంటివాళ్లు ఈ బలాల గీతలను మనిషి బొమ్మ మీద గీసి చూపించారు. ఆ గీత గరిమనాభికి ఎంత పక్కగా పోతే తిప్పుడు అంత ఎక్కువ.

చాప తన మీద పడే నిలువు ఒత్తిడిని మాత్రమే కొలుస్తుంది. పక్క తోపు, తిప్పుడు కూడా తెలియాలంటే ఫోర్స్ ప్లేట్ అనే బరువైన పలక కావాలి. అది మూడు దిక్కుల బలాన్నీ విడివిడిగా లెక్కగడుతుంది. నేను చూసింది చాపే. చాప చూస్తేనే ఇంత పులకరింత కలిగితే, ఆ పలక మీద ఒక పూట గడిపే అదృష్టం వస్తే ఏమవుతానో!

ఇంతకీ ఈ తోపులన్నీ వేగం కోసమేనా? కాదు. ఇంకో అవసరం ఉంది. డ్రైవర్ తల బరువు సుమారు 200 గ్రాములు. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో అది చుట్టూ తిరుగుతున్నప్పుడు ఆటగాణ్ణి బయటికి లాగే బలం దాదాపు 40 కిలోల బరువుతో సమానం. బావిలోంచి నిండు బొక్కెన తోడేవాళ్లు చేతులతో తాడు లాగుతూనే కాళ్లు నేలకు తన్నిపెట్టి, ఒంటిని వెనక్కి వాల్చి నిలబడతారు చూడండి. గోల్ఫర్ కూడా అదే చెయ్యాలి, అదీ సెకనులో చిన్న ముక్కలో. అందుకే చాలామంది మంచి ఆటగాళ్లలో ఎడమ పాదం ఒత్తిడి మునివేళ్ల దగ్గర మొదలై, బంతి తాకేసరికి మడమ వైపు, బయటి అంచు వైపు జరుగుతుంది. ఒత్తిడి మునివేళ్ల మీదే ఉండిపోయినవాడి నడుము బంతి మీదికి తోసుకొస్తుంది, చేతులకు చోటుండదు. కుడి పాదం మీదే ఉండిపోయినవాడి క్లబ్బు బంతి కంటే ముందు మట్టిని తవ్వుతుంది. కోచ్ ఒక్కొక్కరి గీత చూసి, బంతి ఎలా పోయిందో చూడకుండానే చెప్పేస్తున్నాడు.

ఈ యంత్రాలు పుట్టకముందు ఈ రహస్యం ఎవరికీ తెలియదా అంటే, తెలుసు. పాదాలకు తెలుసు. అమెరికాలో వర్జీనియా కొండల్లో పెరిగిన శామ్ స్నీడ్ చెప్పులు లేకుండా సాధన చేసేవాడు. పీజీఏ టూర్‌లో 82 విజయాలు సాధించిన మనిషి ఆయన. డౌన్‌స్వింగ్‌లో రెండు మోకాళ్లూ విచ్చుకుని ఆయన కూర్చున్నట్టు దిగే భంగిమను గోల్ఫ్ ప్రపంచం ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తుంది. బరువు మిషన్ మీద మనం చేసి చూసిన పనే అది.

బెన్ హోగన్ తన బూట్ల కింద అదనంగా ఒక ముల్లు పెట్టించుకున్నాడు. నేల పట్టు కోసం ఒక మనిషి అంత దూరం ఆలోచించాడంటే ఆయన అరికాళ్లకు ఏం తెలిసి ఉంటుందో! 1949లో ఆయన కారును బస్సు ఢీకొట్టి ఒళ్లు నుజ్జయింది. మరుసటి ఏడాదే, కాళ్లకు పట్టీలు చుట్టుకుని, మెరియన్‌లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. 1957లో వచ్చిన ఆయన పుస్తకం 'ఫైవ్ లెసన్స్' ఈనాటికీ గోల్ఫర్ల ఇళ్లలో ఉంటుంది. ఒహాయోలో జాక్ గ్రౌట్ అనే గురువు చిన్నారి జాక్ నిక్లాస్‌తో మడమలు నేల నుంచి లేపనివ్వకుండా, చీలమండలను లోపలికి దొర్లిస్తూ బంతులు కొట్టించాడు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక క్లబ్బును వెనక్కి ఎత్తే బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ మడమను చక్కగా లేపుతూనే 18 మేజర్ టోర్నీలు గెలిచాడు. పాదం నేలను చదవడం నేర్చుకున్నాక మడమ లేచినా లేవకపోయినా ఒకటే అనిపిస్తుంది ఆయన్ని చూస్తే.

ఇప్పటి స్కాటీ షెఫ్లర్‌ను చూడండి. 2022లో, 2024లో మాస్టర్స్ టోర్నీ గెలిచాడు. బంతిని కొట్టే సమయంలో అతని కుడి పాదం జారిపోయి, ఎడమ పాదానికి వెనకవైపుకు వస్తుంది. తెలియనివాళ్లకు మనిషి తూలిపడుతున్నాడేమో అనిపిస్తుంది. ఇప్పుడు చూస్తే నాకు ఆ జారుడులో ఎంత పొందిక కనిపిస్తోందో! ఎడమ కాలు భారం మోసుకుంది, ఇక కుడి పాదానికి అక్కడ పాతుకుని ఉండాల్సిన పని లేదు.

అందరి పాదాలూ ఒకే పాట పాడాలని లేదు. ఆస్ట్రేలియాకు చెందిన కెవిన్ బాల్, రసెల్ బెస్ట్ అనే పరిశోధకులు 62 మంది గోల్ఫర్లను పలకల మీద నిలబెట్టి కొలిచి 2007లో ఫలితాలు ప్రకటించారు. రెండు దారులు కనిపించాయి. కొందరిలో ఒత్తిడి ఎడమ పాదానికి వచ్చి అక్కడే ఉండిపోతుంది. మరికొందరిలో ఎడమకు వచ్చి, బంతిని తాకేసరికి మళ్లీ కుడివైపుకు మళ్లుతుంది. బాగా ఆడేవాళ్లు రెండు గుంపుల్లోనూ ఉన్నారు. ఇది చదివినప్పుడు ఈ శాస్త్రం మీద నాకు గౌరవం రెట్టింపయింది. మనుషులందరినీ ఒకే మూసలో పొయ్యకుండా, ఎవరి ఒంటికి తగ్గ దారి వాళ్లకు ఉందని అంకెలతో చెప్పింది కాబట్టి.

అక్కడే మనవాడు సాహిత్ తీగల గుర్తొస్తాడు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన కుటుంబంలో 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. 2023లో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్ విజేత అయ్యాడు. అతనికి వెన్నెముక పక్కకు వంగి ఉండే స్కోలియోసిస్ ఉంది. అతని స్వింగ్‌లో ఒళ్లు పక్కకు విల్లులా వంగుతుంది, పుస్తకాల్లోని బొమ్మలకు అది సరిపోదు. అలాంటి ఒంటితో అంత వేగంగా, అంత ధైర్యంగా కొట్టాలంటే కింద కాళ్లు ఎంత నమ్మకంగా పనిచేస్తుండాలి! ఇకమీదట అతను బంతి ముందు నిలబడితే నా చూపు అతని బూట్ల మీదే ఉంటుంది.

నేల ఇచ్చే బలానికి ఒళ్లు ఖర్చు పెట్టాల్సింది కూడా ఉందని మరిచిపోకూడదు. టైగర్ వుడ్స్ యవ్వనంలో ఎడమ కాలిని ఎంత వేగంగా చాచి బిగించేవాడో పాత వీడియోల్లో కనిపిస్తుంది. ఆ ఎడమ మోకాలికే మళ్లీ మళ్లీ ఆపరేషన్లు అయ్యాయి. 2008లో టోరీ పైన్స్‌లో ఆ కాలి ఎముకలో చీలికలతో, మోకాలిలో తెగిన లిగమెంట్‌తో 91 హోల్స్ ఆడి యూఎస్ ఓపెన్ గెలిచాడు. మోకాలి సమస్య ఉన్నవాళ్లకు ఎడమ పాదాన్ని కాస్త లక్ష్యం వైపు తిప్పి పెట్టుకోమని చాలామంది కోచ్‌లు చెబుతారు. పాదం ముందే తిరిగి ఉంటే మోకాలు మెలిపడటం తగ్గుతుంది. ఎత్తు, వయసు, తుంటి తిరిగే మేర, పాత గాయాలు ఇవన్నీ చూసి ఎవరి తోపు ఎంత ఉండాలో తేల్చుకోవాలి. యంత్రం అంకెలు ఇస్తుంది. ఆ అంకెలు ఏ ఒంటికి ఎంతవరకు తగినవో చెప్పేవాడు మాత్రం మంచి కోచే.

మనిషి పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉన్నాయి. పొద్దున్నే వాటిని బూటులో దూర్చి, రాత్రి బయటికి తీసేదాకా వాటి సంగతే పట్టించుకోం. గోల్ఫ్ నేర్చుకోవాలని డ్రైవింగ్ రేంజ్‌కు వెళ్లే తెలుగు పిల్లలకు, వాళ్లను తీసుకెళ్లే అమ్మానాన్నలకు నా మనవి ఒక్కటే. మొదటి రోజే ఖరీదైన క్లబ్బు కొనకండి, చేతుల పట్టు గురించి గంటలకొద్దీ చర్చ పెట్టకండి. కోచ్‌ను అడిగి, బూట్లు విప్పేసి, పొడి గడ్డి మీద వట్టి కాళ్లతో చిన్న ఐరన్ క్లబ్బు పట్టుకుని నెమ్మదిగా కొన్ని బంతులు కొట్టండి. ప్రతి బంతి తర్వాతా ఒత్తిడి మడమ దగ్గరుందా, మునివేళ్ల దగ్గరుందా, ఎడమకు ఎప్పుడు వచ్చిందో మీ పాదాలనే అడగండి. చాప ఉన్న చోటు దొరికితే ఒక్కసారి ఎక్కి మీ గీత మీరే చూసుకోండి. చూశాక మీ గీత ఎలా ఉందో నాకూ చెప్పండి.